అంచుల లెక్క: పెండ్లి డిస్కుల తయారీలో ఓవర్‌స్కాన్ సమస్య – ఒక సమీక్ష

పిక్చర్ ట్యూబ్ టీవీ తనకు అందిన చిత్రాన్ని తెర కంటే కొంచెం పెద్దదిగా గీస్తుంది. దానివల్ల చిత్రం నాలుగు అంచులూ చట్రం వెనుకకు పోయి, చూసేవారికి ఎన్నడూ కనిపించవు. ఈ ఏర్పాటునే ఓవర్‌స్కాన్ అంటారు. ప్రసార సంస్థలకు ఇది పాత సంగతే కాని, ఇంటి వేడుకలను వీసీడీలుగా, ఆ తరువాత డీవీడీలుగా తయారుచేసే పని చిన్న పట్టణాల స్టూడియోలకు చేరినప్పుడు, దాగిపోయే ఆ అంచును ఏం చేయాలన్న ప్రశ్నకు ఒకదానితో ఒకటి పొసగని జవాబులు పుట్టుకొచ్చాయి. టీవీలు మారిపోయినా ఆ జవాబుల ఫలితం డిస్కుల్లో అలాగే నిలిచి ఉంది. ఆ డిస్కులను కంప్యూటర్ ఫైళ్లుగా మార్చుకుంటున్న కుటుంబాలకు పాత వాదం కొత్తగా ఎదురవుతోంది. కోరుట్ల, వేములవాడల మధ్య ఉన్న రుద్రంగి ప్రాంతపు పెండ్లి డిస్కును ఉదాహరణగా తీసుకొని ఈ వాదాల పుట్టుకను, బలాబలాలను, ఇంకా తేలని అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అంచును ఎందుకు దాచారు

ఓవర్‌స్కాన్‌ను తయారీ లోపంగా భావించడం పొరపాటు. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం ఎంత దూరం వంగుతుందన్నది ట్యూబుకు అందే అధిక వోల్టేజీ మీద ఆధారపడి ఉంటుంది. తెర మీద బాగా వెలుతురున్న దృశ్యం వచ్చినప్పుడు ఆ వోల్టేజీ కొంత కుంగి, పుంజం ఎక్కువగా వంగి, చిత్రం ఉబ్బినట్లు పెరుగుతుంది. మరోవైపు ఇంటికి వచ్చే కరెంటే తగ్గితే పాతకాలపు టీవీల్లో చిత్రం కుంచించుకుపోయేది. వ్యవసాయ మోటార్లు నడిచే వేళల్లో వోల్టేజీ పడిపోయే తెలంగాణ పల్లెల్లో టీవీ పక్కన స్టెబిలైజర్ తప్పనిసరి సామాను కావడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. చిత్రం ఇలా పెరుగుతూ తరుగుతూ ఉన్నా తెర చుట్టూ నల్లని ఖాళీ కనిపించకూడదంటే మొదటి నుంచే దానిని కాస్త పెద్దదిగా గీయడం ఒక్కటే చవకైన ఉపాయం. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన నలుపు తెలుపు ఈసీ టీవీల కాలం నుంచి, 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు మొదలైన తరువాత ఇండ్లలోకి వచ్చిన రంగుల టీవీల వరకు అన్నింటిలోనూ ఈ ఉపాయమే నడిచింది. విద్యుత్ సరఫరాను తామే నిలకడపరచుకునే సర్క్యూట్లు వచ్చాక అవసరం తగ్గినా అలవాటు పోలేదు.

అయితే ఎంత దాగుతుందన్నదానికి స్థిరమైన కొలత లేదు. ఒక్కో వైపు ఐదు శాతం చుట్టూ పోవడం సాధారణం కాగా, వయసు మీరిన టీవీల్లో, సర్దుబాటు తప్పినవాటిలో అంతకంటే ఎక్కువ పోయేది. చిత్రం ఒక పక్కకు జరిగిన టీవీల్లో ఎడమవైపు ఒక కొలత, కుడివైపు మరో కొలత ఉండేవి. ఈ అనిశ్చితిని ఎదుర్కోవడానికే ప్రసార రంగం సేఫ్ ఏరియా అనే భద్రపరిధిని నిర్ణయించుకుంది. ఎస్ఎంపీటీఈ అనే అమెరికా సినిమా, టెలివిజన్ ఇంజనీర్ల సంఘం పాత సిఫారసు ప్రకారం ముఖ్యమైన కదలికలు చిత్రం వెడల్పులో, ఎత్తులో మధ్యనున్న 90 శాతం లోపల, అక్షరాలు 80 శాతం లోపల ఉండాలి. మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతిలో డీవీడీ చిత్రం 720 బిందువుల వెడల్పు, 576 గీతల ఎత్తు కలిగి ఉంటుంది కనుక కదలికల పరిధి 648 బిందువులు, 518 గీతలు అవుతుంది. వైశాల్యంలో చూస్తే ఇది మొత్తం చిత్రంలో 81 శాతం. అక్షరాల పరిధి 64 శాతమే. మూడో వంతుకు పైగా చిత్రాన్ని అక్షరాలకు నిషేధించడం కాగితం మీద అతిగా కనిపించినా, తెగిన పేరు చదవడం కంటే అదే మేలని ప్రసార సంస్థలు భావించాయి.

రుద్రంగి ప్రాంతపు పెండ్లి డిస్కు

2016లో జిల్లాల పునర్విభజనతో రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైన రుద్రంగి అంతకుముందు కరీంనగర్ జిల్లా చందుర్తి మండలంలో ఉండేది. ఇక్కడి నుంచీ, చుట్టుపక్కల కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచీ దుబాయి, సౌదీ, మస్కట్, బహ్రెయిన్‌లకు పనికి పోయినవారు ఎక్కువ. చెల్లె పెండ్లికి సెలవు దొరకని అన్నకు ఆ పెండ్లిని చూపించేది డిస్కే. ఊరి నుంచి గల్ఫ్‌కు తిరిగి పోయేవారి సంచిలో పచ్చళ్లతో పాటు అదీ ప్రయాణం చేసేది. గల్ఫ్ దేశాల్లోనూ పాల్ పద్ధతే కనుక ప్లేయరుతో, టీవీతో పేచీ ఉండేది కాదు. కాని ఊళ్లో అదే డిస్కు పిక్చర్ ట్యూబ్ టీవీ మీద ఆడితే, గల్ఫ్‌లోని గదిలో ఎవరి ల్యాప్‌టాప్ మీదనో ఆడేది. ల్యాప్‌టాప్ తెర ఓవర్‌స్కాన్ ఎరుగదు. డిస్కులో ఉన్న ప్రతి గీతనూ చూపిస్తుంది. ఒకే డిస్కుకు రెండు రకాల ప్రేక్షకులు ఏర్పడడమే ఈ ప్రాంతంలో సమస్యను పదునెక్కించింది.

పెండ్లి వీడియోలో అంచులకు వచ్చే నష్టం ఎక్కడెక్కడ ఉంటుందో గమనించదగ్గది. అందరికంటే ముందు దెబ్బ తినేది స్టూడియోవారే: తెర అడుగున నడిచే స్టూడియో పేరు, ఫోన్ నంబరు టీవీలో సగం తెగిపోతాయి. చదివింపుల వేళ మైకులో పేరు వినిపిస్తుంటే ఇచ్చిన మనిషి ముఖం తెర అంచున ఉండిపోతుంది. బంధువులు వధూవరులకు ఇరువైపులా వరుసగా నిలబడే దృశ్యంలో పది మంది చిత్రం వెడల్పునంతా నింపితే ఒక్కొక్కరి వాటా పది శాతం. ఐదు శాతం దాగిందంటే చివరి మనిషిలో సగం లేనట్లే. ఆ చివరి మనిషి పెండ్లికొడుకు మేనమామ అయినప్పుడు ఇది సాంకేతిక సమస్యగా మిగలదు.

దీనికి విరుద్ధమైన నష్టమూ ఉంది. కెమెరా వ్యూఫైండర్‌లో అంచులు పూర్తిగా కనిపించక, టీవీ ఎలాగూ దాస్తుందన్న ధీమా తోడై, కెమెరామన్ అంచును పట్టించుకోని సందర్భాల్లో హాలోజన్ లైటు పట్టుకున్న కుర్రవాడి మోచేయి, నేల మీద పాకిన కరెంటు తీగ, పక్క కెమెరా స్టాండు చిత్రంలో చేరిపోయేవి. టీవీ వాటిని దయతో కప్పేది, ల్యాప్‌టాప్ కప్పదు.

మొదటి వాదం: చిత్రాన్ని ముట్టుకోరాదు

ప్రసార రంగంలో శిక్షణ పొందినవారి వాదం ఇది. చిత్రాన్ని పూర్తి చట్రంలో ఉన్నదున్నట్లు డిస్కులోకి ఎక్కించాలి. జాగ్రత్త అంతా చిత్రీకరణలోనూ టైటిలింగ్‌లోనూ చూపాలి. ప్రీమియర్, ఎడియస్ వంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు భద్రపరిధిని గీతలుగా చూపిస్తాయి కనుక పేర్లనూ ఫోన్ నంబర్లనూ ఆ గీతల లోపల పెట్టడం పెద్ద పని కాదు. ఈ వాదానికి ఉన్న ప్రధాన బలం, టీవీ లోపాన్ని డిస్కు మీద శాశ్వతంగా రాయకపోవడం. బలహీనత కూడా స్పష్టమే: పెండ్లిలో రెండోసారి తీసే అవకాశం లేదు, మేనమామను మధ్యకు జరగమని ఎడిటింగ్ టేబుల్ దగ్గర చెప్పలేరు.

రెండో వాదం: కుదించి నల్ల అంచు కట్టాలి

ఇంటి దగ్గర డిస్కులు చేసుకునే ఔత్సాహికులలో ఈ వాదానికి బలమైన ఆదరణ దొరికింది. చిత్రాన్ని నాలుగు వైపులా కొద్దిగా కుదించి, చుట్టూ నల్లని పట్టీ చేర్చి డిస్కులో రాస్తే, టీవీ దాచేది ఆ పట్టీనే అవుతుంది. చిత్రం మొత్తం తెర మీదికి వస్తుంది. ఫిట్‌సీడీ వంటి చిన్న సాఫ్ట్‌వేర్లు ఎన్ని బ్లాకుల మేర కుదించాలో అడిగి మిగతా లెక్క తామే చేసేవి.

బ్లాకు అన్న మాటలోనే ఈ వాదపు అసలు బలం ఉంది. వీసీడీలోని ఎంపెగ్-1 పద్ధతి చిత్రాన్ని 16 బిందువుల వెడల్పు, 16 గీతల ఎత్తు ఉన్న గడులుగా విభజించి కంప్రెస్ చేస్తుంది, వీటిని మాక్రోబ్లాకులంటారు. 352 బిందువులు, 288 గీతల పాల్ వీసీడీ చిత్రంలో అడ్డంగా 22, నిలువుగా 18, మొత్తం 396 గడులుంటాయి. చుట్టూ ఒక్కో గడిని నల్లగా వదిలితే 76 గడులు నల్లబడి, చిత్రం 320 గడుల్లోకి వస్తుంది. నల్లని గడికి సమాచారం దాదాపు అక్కర్లేదు. వీసీడీ చిత్రానికి కేటాయింపు సెకనుకు సుమారు 11,50,000 బిట్లుగా స్థిరపడి ఉంది. సెకనుకు 25 చిత్రాలు కనుక ఒక్కో చిత్రానికి 46,000 బిట్లు. వాటిని 396 గడులకు పంచితే గడికి సగటున 116 బిట్లు దక్కుతాయి, 320 గడులకు పంచితే 144. టీవీ ఎలాగూ చూపించని అంచుకు వెచ్చించే బిట్లను కనిపించే భాగానికి మళ్లించడం వల్ల గడికి దాదాపు నాలుగో వంతు అదనపు కేటాయింపు దక్కుతుంది. బరాత్‌లో చిందులు, తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఎగిరే బియ్యం వీసీడీలో గళ్లుగళ్లుగా చెదిరిపోవడం చూసినవారికి ఈ అదనం విలువ తెలుస్తుంది. డీవీడీలో ఈ లాభం తగ్గుతుంది: మొత్తం 1,620 గడుల్లో ఒక వరుస చుట్టూ వదిలితే మిగిలేది 1,462, అంటే పొదుపు పదో వంతుకు లోపే. పైగా డీవీడీకి బిట్ల కొరత అంతగా లేదు, 4.7 గిగాబైట్ల డిస్కులో మూడు గంటల పెండ్లి ఎక్కించినా సెకనుకు సుమారు 35 లక్షల బిట్లు దొరుకుతాయి.

ఈ వాదం చెప్పని సంగతి మరొకటి ఉంది. టేపు మీది వీడియో ఇంటర్‌లేస్ పద్ధతిలో ఉంటుంది; ప్రతి చిత్రమూ సరి గీతలు, బేసి గీతలుగా రెండు వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు సగాల కలయిక. ఆ సగాలను విడదీయకుండా ఎత్తును కుదిస్తే రెండు క్షణాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కదిలే చేతులూ పట్టుచీర అంచులూ దువ్వెన పళ్లలా చీలిపోతాయి. వీసీడీలో ఎలాగూ ఒక సగాన్నే వాడి 288 గీతలు తయారుచేస్తే చిక్కు తప్పుతుంది కాని, 576 గీతల డీవీడీలో ఈ జాగ్రత్త తెలియని చేతిలో కుదింపు మేలు కంటే కీడే ఎక్కువ చేసింది.

మూడో వాదం: అవసరమైనంతే

పని మీద చేయి తిరిగినవారు క్రమంగా చేరుకున్నది ఇది. కదిలే వీడియోను పూర్తి చట్రంలో వదిలి, ఆల్బమ్ ఫొటోల స్లైడ్‌షోనూ టైటిల్ కార్డులనూ డీవీడీ మెనూనూ మాత్రమే భద్రపరిధిలోకి కుదించడం దీని సారం. ఫొటోను తీసినవారు టీవీని దృష్టిలో పెట్టుకోలేదు కనుక, గ్రూప్ ఫొటోలో అంచు దాకా మనుషులుంటారు కనుక, కుదింపు అక్కడ న్యాయమే. నిశ్చల చిత్రానికి ఇంటర్‌లేస్ చీలిక భయం కూడా లేదు. నల్ల పట్టీకి బదులు అదే ఫొటోను పెద్దది చేసి మసకబరచి వెనుక పరిస్తే ల్యాప్‌టాప్ మీద కూడా వెలితి కనిపించదు.

తారతమ్యం

మూడు వాదాలనూ పక్కపక్కన పెడితే, వాటి మధ్య తగవు కనిపించినంత పెద్దది కాదనీ, మొదటి రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులనీ తెలుస్తుంది. మొదటి వాదం అంచుకు దగ్గరగా ఏమి పెట్టకూడదో చెబుతుంది. రెండోది డిస్కులో చోటును ఎలా ఖర్చు చేయాలో చెబుతుంది. ఈ రెంటినీ ఒకే ప్రశ్నగా కలిపేయడమే గందరగోళానికి మూలం. వీసీడీ కాలంలో, పిక్చర్ ట్యూబ్ టీవీ తప్ప మరో తెర లేని ఇంటికి, కుదింపు సమర్థనీయమైన నిర్ణయం; దానిని తెలివితక్కువ పని అని ఇప్పుడు కొట్టిపారేయడం అన్యాయం. అదే పద్ధతిని బిట్ల కొరత లేని డీవీడీకి యథాతథంగా మోసుకుపోవడానికి మాత్రం అలవాటు తప్ప ఆధారం లేదు. మూడో వాదం ఆచరణలో అన్నింటికంటే మెరుగైనదే అయినా, అది ఎడిటర్ ఓపిక మీద ఆధారపడుతుంది. లగ్గాల సీజనులో వరుసగా పెండ్లిళ్లు మీద పడ్డప్పుడు ఆ ఓపిక ఎంత మిగులుతుందో చెప్పనక్కర లేదు.

అమెరికాలో ఉన్న బంధువులకు పంపే డిస్కు విషయంలో రెండో వాదం మరింత ఇబ్బందిలో పడుతుంది. అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో చిత్రం ఎత్తు 480 గీతలే. పాల్ చిత్రంలో సరిగ్గా ఒక గడి ఎత్తుకు కట్టిన 16 గీతల నల్ల పట్టీ 480కి మారేసరికి 13 గీతల చిల్లరవుతుంది; పట్టీ అంచు గడి మధ్యలో పడుతుంది. నలుపు నుంచి చిత్రంలోకి మారే పదునైన గీత ఒకే గడిలో ఇరుక్కుంటే దానిని రాయడానికి బిట్లు అధికంగా ఖర్చవడమే కాక, దాని చుట్టూ దోమలు ముసిరినట్లు మచ్చలు కనిపిస్తాయి. పొదుపు కోసం కట్టిన పట్టీ ఖర్చు పెంచుతుంది.

ఎల్‌ఈడీ తెరల మీద

ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ టీవీల్లో ప్రతి బిందువుకూ నిర్ణీత స్థానం ఉంటుంది కనుక ఓవర్‌స్కాన్‌కు కారణం పోయింది. విడ్డూరమేమంటే, కారణం పోయినా కార్యం మిగిలింది: ఈ టీవీల్లో చాలావరకు కొన్నప్పటి సెట్టింగులోనే చిత్రాన్ని కొంత పెంచి అంచులు కోస్తాయి. ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సామ్‌సంగ్‌లో స్క్రీన్ ఫిట్, సోనీలో ఫుల్ పిక్సెల్ అనే పేర్లతో దాగి ఉన్న సెట్టింగును మార్చితే తప్ప పూర్తి చిత్రం రాదు. ప్రసార ప్రమాణాలు మాత్రం కాలాన్ని అనుసరించాయి. 2009లో ఎస్ఎంపీటీఈ భద్రపరిధిని కదలికలకు 93 శాతానికి, అక్షరాలకు 90 శాతానికి సడలించింది. ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య 16:9 చిత్రాలకు చేసిన సిఫారసు కూడా ఒక్కో అంచున మూడున్నర, ఐదు శాతాలు వదలమని అదే లెక్కకు వస్తుంది.

ఇంకా తేలనివి

వెడల్పు లెక్క వీటిలో మొదటిది. పాల్ సంకేతంలో చిత్రమున్న భాగం ఒక్కో గీతకు 52 మైక్రోసెకన్లు. దానిని 1982 నాటి అంతర్జాతీయ ప్రమాణం నిర్ణయించిన 13.5 మెగాహెర్ట్జ్ వేగంతో కొలిస్తే వచ్చేది 702 బిందువులే, 720 కాదు. ఇరువైపులా తొమ్మిదేసి బిందువులు సంకేతం అటూ ఇటూ జరిగినా నష్టం రాకుండా ఉంచిన వెసులుబాటు. అయితే 4:3 ఆకారం 702కి చెందుతుందా, 720కి చెందుతుందా? అడోబీ సంస్థ తన 2008 నాటి సీఎస్4 సాఫ్ట్‌వేర్‌లో పాల్ బిందువు వెడల్పు నిష్పత్తిని 1.067 నుంచి 1.094కు మార్చింది, అంటే మొదటి పక్షం వైపు మొగ్గింది. తేడా రెండున్నర శాతమే కనుక పెండ్లి పందిట్లో ఎవరూ సన్నబడినట్లు కనిపించరు కాని, పాత ప్రాజెక్టును కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పక్కన సన్నని నల్ల గీతలు ప్రత్యక్షమై ఎడిటర్లను తికమక పెడతాయి. ఓవర్‌స్కాన్ ఉన్నంత కాలం ఆ గీతలు ఎవరి కంటా పడలేదు, అందుకే ప్రశ్నను తేల్చే తొందరా ఎవరికీ కలగలేదు.

వీహెచ్ఎస్ క్యాసెట్ల సంగతి మరొకటి. క్యాసెట్ ప్లేయర్‌లో తిరిగే రెండు హెడ్‌లలో ఒకటి వదిలి మరొకటి అందుకునే చోట చిత్రం అడుగున కొన్ని గీతలు వంకరపోయి మిణుకుమిణుకుమంటాయి. పిక్చర్ ట్యూబ్ టీవీ కాలంలో ఇవి చట్రం వెనుకే ఉండిపోయేవి. డిజిటల్ కాపీ చేసేటప్పుడు ఆ గీతలను నల్లగా కప్పాలని ఒక పక్షం, కోసేసి చిత్రాన్ని సాగదీయాలని మరో పక్షం, మాస్టర్ కాపీలో ఏమీ ముట్టుకోకుండా చూసే కాపీలోనే కప్పాలని మూడో పక్షం వాదిస్తాయి. గీతల ఎత్తును మార్చి సాగదీయడం ఇంటర్‌లేస్ చిత్రానికి హాని కనుక రెండో పక్షం బలహీనం. మిగతా రెండింటి మధ్య ఎంపిక హార్డ్‌డిస్క్‌లో రెండు కాపీలకు చోటుందా అన్నదాని మీద ఆధారపడుతుంది.

చివరిది, కుదించి నల్ల పట్టీ కట్టిన వీసీడీలది. వీటి టేపులు చాలా ఇండ్లలో ఇప్పుడు లేవు. మిగిలిన కాపీ డిస్కే. ఎల్‌ఈడీ టీవీ మీద ఆ పెండ్లి తెర వైశాల్యంలో 81 శాతం లోపలే ఇమిడి, చుట్టూ నల్ల చట్రంతో కనిపిస్తుంది, 16:9 తెర అయితే పక్కల ఖాళీ అదనం. పట్టీని కోసి 320 బిందువుల చిత్రాన్ని పెంచవచ్చు. పెంచినంత మాత్రాన లేని వివరం పుట్టదు, పైగా తిరిగి ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ ఉన్నది కొంత అరుగుతుంది. కోయకుండా డిస్కులోని ఫైలును ఉన్నదున్నట్లు కాపీ చేసుకొని, చూసేటప్పుడు ప్లేయర్‌లోని జూమ్‌తో పట్టీని తెర బయటికి నెట్టడం నష్టం లేని మార్గం. ఎల్‌ఈడీ టీవీలో ఎవరూ కోరని ఓవర్‌స్కాన్ సెట్టింగు ఈ ఒక్క చోట పనికొస్తుంది: దానిని ఆపకుండా ఉంచితే, నల్ల పట్టీలో కొంత భాగాన్ని టీవీయే కోసేస్తుంది.